తిరుపతి ఎండల్లో చిన్న రీఫ్ తొట్టి: అనిమోన్ పెట్టాలా, వద్దా?

చెన్నై వెళ్ళి క్లౌన్ చేపల జత తెచ్చుకున్నవాళ్ళలో చాలామంది కొన్నాళ్ళకి అడిగే ప్రశ్న ఒకటే. అనిమోన్ (రాతికి అంటుకుని, కుట్టే తీగలతో పువ్వులా కనిపించే సముద్రపు ప్రాణి) కూడా తెచ్చేద్దామా? చేపకి అది లేకపోతే పాపం కదా అని. ముందు ఆ పాపం సంగతి తేల్చేద్దాం. తొట్టిలో క్లౌన్ బతకడానికి అనిమోన్ అక్కర్లేదు. సముద్రంలో అయితే దాన్ని మింగడానికి పెద్ద చేపలు కాచుకుని ఉంటాయి కాబట్టి ఆ కుట్టే తీగల మధ్య దాక్కుంటుంది, మీ హాల్లో ఉన్న తొట్టిలో దాన్ని మింగేవాళ్ళు ఎవరున్నారు? పైగా హేచరీలో గుడ్డు పగిలి పెరిగిన క్లౌన్ పుట్టి బుద్ధెరిగి అనిమోన్‌ని చూసే ఉండదు. మన దేశంలోనే సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు క్లౌన్ చేపల్ని హేచరీలో పిల్లలు చేయించే పద్ధతులు ఎప్పుడో తయారు చేశారు.

కాబట్టి "చేప కోసం" అనే కారణాన్ని పక్కన పెట్టండి. అనిమోన్ కావాలంటే అనిమోన్ మీద ఇష్టంతోనే కావాలి. అది అలంకారం కాదు, జంతువు. ఎడిన్‌బరోలో డాలియెల్ అనే ఆయన 1828లో ఒడ్డున దొరికిన ఒక అనిమోన్‌ని గాజు పాత్రలో పెడితే అది ఆయన పోయాక కూడా చేతులు మారుతూ 1887 దాకా బతికింది. అది చల్లటి సముద్రాల రకం అనుకోండి, అయినా సరిగ్గా చూసుకుంటే ఈ జాతి ఎంత కాలం ఉంటుందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. మన ఇళ్ళలో మాత్రం చాలావాటికి మొదటి వేసవి దాటడమే గగనం, అందుకే లెక్క వేడి దగ్గర మొదలుపెడుతున్నాను.

## ముందు ఇవి చూసుకోండి

వేడి. రీఫ్ తొట్టి (పగడాలూ సముద్రపు చేపలూ పెంచే ఉప్పునీటి తొట్టి) నీళ్ళు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, 28 వరకు పర్వాలేదు. 30 దాటి రోజుల తరబడి ఉంటే అనిమోన్ ఒంట్లో ఉండే ఆల్గే (కంటికి కనబడనంత చిన్న నాచు) బయటికి పోయి తెల్లబడిపోతుంది. దాని తిండిలో పెద్ద వాటా ఆ ఆల్గే వెలుతురుతో చేసి పెట్టేదే, కాబట్టి తెల్లబడిందంటే పస్తులున్నట్టే. మే నెలలో, గంగమ్మ జాతర రోజుల్లో, బయట 40 దాటడం మనకి కొత్త కాదు. ఇక్కడ మనకి కలిసొచ్చే విషయం ఒకటుంది: చెన్నైలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి నీళ్ళ మీద ఫ్యాన్ పెట్టినా పెద్దగా చల్లబడవు, మన పొడి ఎండలో అదే ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు లాగేస్తుంది. కింది అంతస్తులో, గది 30 దగ్గర ఉండే ఇంట్లో ఫ్యాన్‌తో నెట్టుకురావచ్చు. పై అంతస్తు స్లాబు కింద గదే 35 ఉంటే మాత్రం ఫ్యాన్ పెట్టినా నీళ్ళు 32 దగ్గర ఆగిపోతాయి, అక్కడ నీళ్ళని చల్లబరిచే చిల్లర్ మెషినో, పగలంతా ఏసీయో తప్పదు. చిల్లర్ కొనాలంటే చాలాసార్లు తొట్టి కంటే దానికే ఎక్కువవుతుంది, అడిగి చూడండి.

డబ్బు ఖర్చు లేని చిట్కా ఒకటుంది. లైట్లు పగలు వేయాలని రూలేం లేదు. సాయంత్రం ఐదు నుంచి అర్ధరాత్రి దాటేదాకా వేస్తే లైటు వేడి మధ్యాహ్నం వేడితో కలవదు, మీరు ఆఫీసు నుంచి వచ్చాక చూసుకోవచ్చు కూడా. రోజూ అదే టైముకి వేస్తే అనిమోన్‌కి తేడా ఏమీ ఉండదు.

నీళ్ళ పరిమాణం. రెండడుగుల తొట్టి (60 × 30 × 38 సెం.మీ.) లెక్కకి 68 లీటర్లు, రాళ్ళూ ఇసుకా పోగా మిగిలేది యాభైకి అటూ ఇటూ. ఫ్యాన్ పెట్టిన ఎండాకాలంలో రోజుకి రెండు లీటర్లు ఆవిరైనా ఆశ్చర్యం లేదు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. యాభై లీటర్లలో రెండు లీటర్లు పోతే 35 పీపీటీ (కిలో నీళ్ళకి 35 గ్రాములు) ఉన్న ఉప్పు 36.5 అవుతుంది. 150 లీటర్లలో అదే రెండు లీటర్లు పోతే 35.5 కూడా కాదు. చిన్న తొట్టిలో రెండు రోజులు మరిచిపోతే అనిమోన్ ముడుచుకుపోయి కూర్చుంటుంది. అందుకే ఫ్యాన్ పెట్టేవాళ్ళు ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీళ్ళని దానంతటదే నింపే పరికరం) కూడా పెట్టాల్సిందే, ఒకటి కొని రెండోది వద్దనుకుంటే కుదరదు.

మీ నీళ్ళు. తిరుపతిలో కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్ళు కుళాయికి వచ్చినా చాలా ఇళ్ళలో, అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు కలుస్తాయి. బోరు నీళ్ళతో రీఫ్ కుదరదు. వంటింటి ఆర్ఓ మెషిన్ నీళ్ళు కూడా నేరుగా పనికిరావు, మినరల్ కార్ట్రిడ్జ్ ఉన్నదైతే అసలే వద్దు. ఆర్ఓ తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికలు) పెట్టి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) సున్నాకి తెచ్చుకున్న నీళ్ళలోనే సాల్ట్ మిక్స్ కలపాలి, టాప్ అప్ కూడా ఆ నీళ్ళతోనే.

తొట్టి వయసు. ఆరు నెలలు నిండకుండా అనిమోన్ మాట ఎత్తకండి, ఏడాదైతే ఇంకా మంచిది. సైకిల్ (వ్యర్థాల్ని అరిగించే బ్యాక్టీరియా తొట్టిలో కుదురుకోవడం) అయిపోయింది, అమ్మోనియా సున్నా ఉంది అంటే చేపకి సరిపోతుంది. అనిమోన్‌కి కావాల్సింది నెలల తరబడి అంకెలు కదలకపోవడం. మీరు ఒక వేసవిని అనిమోన్ లేకుండా దాటించి, ఆ వేసవిలో రోజూ ఉష్ణోగ్రత రాసుకుని ఉంటే ఆ పుస్తకమే మీకు జవాబు చెప్పేస్తుంది.

కరెంటు. కరెంటు పోతే ముందు చూడాల్సింది నీళ్ళ కదలిక, లైటు కాదు. నీళ్ళని కదిలించే పంపు, అంటే వేవ్‌మేకర్, ఒక్కటైనా ఇన్వర్టర్ మీద ఉండాలి. ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన నీళ్ళ బాటిళ్ళు రెండు ఎప్పుడూ ఉంచుకోండి, మూత బిగించి అలాగే తేలేయొచ్చు.

## ఒక్క చూపులో

| ఏది | ఎంత పెరుగుతుంది | కదులుతుందా | క్లౌన్ చేరుతుందా | ఎంత తొట్టి |
|---|---|---|---|---|
| బబుల్ టిప్ | 30 సెం.మీ. దాకా | నచ్చకపోతే తొట్టంతా తిరుగుతుంది | చాలాసార్లు చేరుతుంది | 120 లీటర్ల పైన |
| రాక్ ఫ్లవర్ | 10–12 సెం.మీ. | తక్కువ | ఆశ పెట్టుకోవద్దు | రెండడుగులు చాలు |
| మినీ కార్పెట్ | అరచేయి అంత | తక్కువ | అరుదు | రెండడుగులు చాలు |
| పెద్ద కార్పెట్, మాగ్నిఫికా | అర మీటరు, ఇంకా పైన | కదులుతాయి | ఇష్టంగా | ఇంట్లో చిన్న తొట్టికి వద్దు |
| టోడ్‌స్టూల్ లెదర్ (అనిమోన్ కాదు, మెత్తటి పగడం) | పళ్ళెం అంత | కదలదు | ఒక్కోసారి | రెండడుగులు చాలు |

## బబుల్ టిప్: అందరూ అడిగేది

క్లౌన్ చేపలకి ఆశ్రయమిచ్చే అనిమోన్లు సముద్రంలో పది రకాలు. వాటిలో తొట్టిలో కుదురుకునేది ఎక్కువగా ఇదే. తీగ చివర చిన్న బుడగలా ఉబ్బి, ఆ బుడగ చుట్టూ సన్నటి తెల్ల గీత, కొసన ఎర్రటి చుక్క ఉంటాయి. దగ్గర నుంచి చూస్తే ఒక్కో తీగకీ ఎవరో కూర్చుని బొట్టు పెట్టినట్టే ఉంటుంది. ఆ బుడగలు అన్ని తొట్లలో రావు, వచ్చినవి ఉండిపోతాయనీ లేదు. తీగలు పొడుగ్గా సాగినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, మనం ఎక్కువగా కొనే నారింజ రంగు ఓసెల్లారిస్ క్లౌన్‌కి సముద్రంలో బబుల్ టిప్ అలవాటే లేదు, అది మాగ్నిఫికా, కార్పెట్ అనే పెద్ద అనిమోన్లలో ఉంటుంది. తొట్టిలో చాలాసార్లు చేరుతుంది కానీ వారంలో చేరొచ్చు, ఏడాదైనా పట్టించుకోకుండా వేవ్‌మేకర్ పక్కనే పడుకోవచ్చు. మన తూర్పు తీరంలో దొరికే సెబే క్లౌన్‌కైతే సముద్రంలో హద్దోనీ అనే కార్పెట్ రకం అలవాటు. కాబట్టి "చేరుతుందని గ్యారంటీ సార్" అని షాపువాడంటే నవ్వి ఊరుకోండి.

అసలు సమస్య కదలడం. ఇల్లు నచ్చకపోతే మర్నాడే సామాను సర్దే అద్దెదారు లాంటిది బబుల్ టిప్. వెలుతురు చాలకపోయినా, నీళ్ళ వేగం ఎక్కువైనా, మీరు రాయి జరిపినా పాదం ఊడదీసుకుని బయల్దేరుతుంది. రెండడుగుల తొట్టిలో అది వెళ్ళడానికి ఉన్న చోట్లు మూడే: మీ కోరల్స్ (పగడాలు) మీదకి, వెనక గాజు మీదకి, లేదా వేవ్‌మేకర్‌లోకి. కోరల్స్ మీదకి వెళ్తే తగిలిన ప్రతిదాన్నీ కుట్టి కాలుస్తుంది. వేవ్‌మేకర్‌లోకి వెళ్తే తెల్లారేసరికి ముక్కలై నీళ్ళలో కలిసిపోతుంది, యాభై లీటర్లలో అంత మాంసం కుళ్ళితే అమ్మోనియా ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు, చేపలతో సహా అన్నీ పోతాయి. పెద్ద తొట్టిలో ఇదే జరిగితే తట్టుకునే అవకాశం ఉంది. చిన్న తొట్టి విషయంలో నేను మొండిగా వద్దనేది ఈ ఒక్క కారణానికే.

ఇంకోటి, అది చీలుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. బాగా తిన్నా చీలుతుంది, ఇబ్బంది పడినా చీలుతుంది. మూడడుగుల తొట్టివాళ్ళకి ఇది పండగ, పిల్లల్ని తోటివాళ్ళకి ఇచ్చుకోవచ్చు. రెండడుగులవాళ్ళకి అది తొట్టినంతా ఆక్రమించుకోవడమే.

ఇంతా చెప్పాక కూడా కావాలంటే ఒక దారి ఉంది. కోరల్స్ మాట పూర్తిగా మరిచిపోయి, ఆ తొట్టిని అనిమోన్‌కీ క్లౌన్ జతకీ రాసిచ్చేయండి. మధ్యలో ఒకే రాళ్ళ గుట్ట, చుట్టూ ఖాళీ ఇసుక, గాజుకి ఏ రాయీ తగలకుండా. గుట్టలో లోతైన పగులు ఒకటుంటే పాదం అక్కడ పెట్టుకుంటుంది, ఇసుక దాటి వెళ్ళడానికి అంత ఇష్టపడదు. వేవ్‌మేకర్‌కి స్పాంజి గార్డు తప్పనిసరి, అది వారానికోసారి కడగాలి, లేకపోతే నీళ్ళు లాగదు. నూటఇరవై లీటర్ల తొట్టిలో ఇలా పెట్టి ఏళ్ళ తరబడి ఉంచుకున్నవాళ్ళున్నారు, చూడటానికి కూడా పది రకాలు కుక్కిన తొట్టి కంటే ఇదే బాగుంటుందని నా అభిప్రాయం.

## రాక్ ఫ్లవర్, మినీ కార్పెట్

రెండడుగుల తొట్టిలో అనిమోన్ ఉండాల్సిందే అంటే నా ఓటు వీటికే. రాక్ ఫ్లవర్ కరీబియన్ సముద్రానిది, మినీ కార్పెట్ ఇండో-పసిఫిక్‌ది. రెండూ చిన్నవి. రాతికీ ఇసుకకీ మధ్య సందులో పాదం పెట్టుకుని పువ్వులా పరుచుకుంటాయి, రోజులు గడిచినా అక్కడే ఉంటాయి. మొదటి వారంలో కాస్త జరిగినా తర్వాత కుదురుకుంటాయి. బబుల్ టిప్‌కి కావాల్సినంత వెలుతురు కూడా రాక్ ఫ్లవర్‌కి అక్కర్లేదు.

క్లౌన్ వీటిలో కాపురం పెట్టదు. పెట్టినా చిన్న అనిమోన్‌కి అది మంచిది కాదు, చేప రోజంతా ఒళ్ళు రాస్తూ దాన్ని తెరుచుకోనివ్వదు. మినీ కార్పెట్ బాగా అంటుకుంటుంది, గోబీల్లాంటి చిన్న చేపలు, రొయ్యపిల్లలు తగిలితే మింగేయగలదు, అలాంటివి ఉన్న తొట్టిలో ఆలోచించండి. మన దగ్గర ఇవి దొరకడం కొంచెం కష్టమే, చెన్నైలో ముందే చెప్పి పెట్టుకుంటే తెప్పిస్తారు.

## పెద్ద కార్పెట్లు, మాగ్నిఫికా, "సెబే"

షాపులో ఇవే చవగ్గా ఉంటాయి, చూడగానే కళ్ళు తిప్పుకోలేం. వద్దు. కార్పెట్ చేపల్ని తింటుంది, మీటరు దాకా పెరిగే రకాలున్నాయి. మాగ్నిఫికాకి ఎండంత వెలుతురు, ఉరవడి నీళ్ళు కావాలి, వచ్చేటప్పటికే జబ్బుతో వచ్చేవి ఎక్కువ. సెబే అనిమోన్ (సెబే క్లౌన్ చేప కాదు) అని తెల్లగానో, నిమ్మపండు పసుప్పచ్చగానో, గులాబీ రంగులోనో అమ్మేవాటిలో తెల్లవి ఆల్గే పోగొట్టుకున్నవి, మెరిసే రంగులవి చాలావరకు రంగు ఎక్కించినవి. ఇవి ఎక్కువగా సముద్రంలోంచి పట్టి తెచ్చినవే. మన్నార్ సింధుశాఖలో 21 దీవుల చుట్టూ 1986 నుంచి మెరైన్ నేషనల్ పార్క్ ఉంది, అక్కడ పట్టడం నేరం. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని షాపులో కొనకండి.

## అనిమోన్ కాకుండా ఊగేది ఏదైనా

చాలామందికి నిజంగా కావాల్సింది నీళ్ళలో ఊగే తీగలు, వాటి మధ్య చేప. విదేశీ వీడియోల్లో దీనికి టార్చ్, హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ పెట్టమంటారు. అవన్నీ గట్టి అస్థిపంజరం ఉన్న కోరల్స్, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఎవరైనా చాటుగా ఇస్తామన్నా తీసుకోకండి, కోరల్ రాళ్ళు కూడా వద్దు, సిరామిక్ రాళ్ళు పెట్టుకోండి.

మనకి పనికొచ్చేది టోడ్‌స్టూల్ లెదర్. ఇది మెత్తటి కోరల్, పుట్టగొడుగు ఆకారం, నెత్తి మీద చిన్న చిన్న తీగలు. కొన్ని క్లౌన్ జతలు దీన్నే అనిమోన్ అనుకుని కాపురం పెట్టేస్తాయి. కదలదు, ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. అప్పుడప్పుడూ తీగలన్నీ లోపలికి లాక్కుని, పైన మైనం లాంటి పొర కమ్మి, రోజుల తరబడి చచ్చిపోయినట్టు కూర్చుంటుంది. కొత్తవాళ్ళు అప్పుడే టెన్షన్ పడి తీసి పారేస్తారు. ఆ పొర ఊడిపోయాక మళ్ళీ విచ్చుకుంటుంది, వేవ్‌మేకర్ ధార దాని వైపు కొంచెం తిప్పితే పొర తొందరగా ఊడుతుంది. ఒక్కటే ఇబ్బంది, అది నీళ్ళలోకి వదిలే రసాయనాలు పక్క కోరల్స్‌ని బాధిస్తాయి, యాక్టివేటెడ్ కార్బన్ వాడితే సరిపోతుంది.

జీనియా అనే మెత్తటి కోరల్ కూడా ఉంది, గుప్పెట మూసి తెరిచినట్టు కొట్టుకుంటూ ఉంటుంది, కానీ పాకిందంటే ఆపడం కష్టం. జోవాలు (బొత్తాల్లా గుంపుగా పెరిగే చిన్న పగడపు జాతి ప్రాణులు) తక్కువ శ్రమతో రంగు ఇస్తాయి. వాటిలో కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది, గ్లవ్స్ లేకుండా కోయకండి, వేడినీళ్ళు పోయకండి.

## మరి మీకేది?

అద్దె ఇల్లు, పై అంతస్తు, ఏసీ పడగ్గదిలో మాత్రమే ఉందంటే క్లౌన్ జత, మష్రూములు (గుండ్రటి మెత్తటి కోరల్స్), జోవాలు చాలు. అనిమోన్ కోసం చిల్లర్ కొనే డబ్బుతో ముందు మంచి ఆర్ఓ డీఐ, ఆటో టాప్ ఆఫ్ కొనండి.

కింది అంతస్తు, పగలు ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు, తొట్టికి ఏడాది నిండింది అంటే రాక్ ఫ్లవర్ ఒకటి తెచ్చుకోండి, లేదంటే లెదర్. రెండూ కలిపి పెట్టకపోవడమే మంచిది, చోటు చాలదు.

మూడడుగుల తొట్టి ఉండి, చిల్లరుండి, కోరల్స్ మీద మోజు లేకపోతే బబుల్ టిప్ హాయిగా పెట్టుకోండి. కోరల్స్ పోగేసే పిచ్చి ఉంటే మాత్రం ఆ తొట్టిలో బబుల్ టిప్ వద్దు, ఎంత పెద్దదైనా సరే. ఈ రెండిట్లో ఒకటి వదులుకోవాల్సిందే.

వారమంతా బెంగళూరులోనో చెన్నైలోనో ఉండి శని, ఆదివారాలు ఇంటికొచ్చేవాళ్ళు ఆగండి. తొట్టి చూసుకునేది అమ్మో నాన్నో అయితే వాళ్ళకి ఉప్పు కొలవడం, వేవ్‌మేకర్ ఆపడం నేర్పాకే. దర్శనానికి చుట్టాలు వచ్చిపోతుండే ఇల్లయితే పిల్లలు చేయి పెట్టకుండా మూత ఉండాలి. గాజు మూత వేస్తే వేడి లోపలే ఉండిపోతుంది, దోమతెర లాంటి వల మూత చేయించుకోండి.

## కొనేటప్పుడు, మొదటి వారం

నవంబరు, డిసెంబరు మంచి రోజులు. దారిలో వేడి ఉండదు, పైగా మార్చి వచ్చేలోపు కుదురుకోవడానికి టైముంటుంది. ఏప్రిల్‌లో ఎంత బాగున్నది కనిపించినా వదిలేయండి.

షాపులో చూడాల్సింది నోరు. మధ్యలో ఉండే ఆ చీలిక బిగుతుగా మూసుకుని ఉండాలి, తెరుచుకుని లోపలి పేగులాంటిది బయటికి వస్తుంటే వద్దు. రంగు గోధుమో, ఆకుపచ్చో, ఎరుపో, ఏదైనా పర్వాలేదు, తెల్లగా పాలిపోకూడదు. మీ ముందే తీయమనండి, గోరుతో గీకి లాగితే పాదం చిరుగుతుంది, చిరిగినది తరచూ బతకదు. రాయితో సహా ఇస్తే ఇంకో మాట లేకుండా తీసుకోండి. ఎవరి తొట్టిలోనైనా చీలిన పిల్ల దొరికితే సముద్రపుదాని కంటే అదే వెయ్యి రెట్లు నయం.

ఇంటికొచ్చాక కవరు తేలేసి ఉష్ణోగ్రత కలవనివ్వండి, తర్వాత గంట సేపు చుక్కలు చుక్కలుగా మీ నీళ్ళు కలపండి. వేవ్‌మేకర్లు ఆపి, మీరు అనుకున్న పగులు దగ్గర పెట్టి, పాదం అంటుకునేదాకా పక్కనే కూర్చోండి. లైటు మొదటి వారం తగ్గించి ఉంచండి. మొదటి నాలుగైదు రోజులు తిండి పెట్టకండి, తర్వాత వారానికోసారి గోరంత రొయ్య ముక్క చాలు. మధ్యమధ్య ముడుచుకుపోయి గోధుమ రంగు జిగురు వదిలి మళ్ళీ ఉబ్బుతుంది, అది మలం, భయం లేదు.

రోజంతా ముడుచుకునే ఉండి, నోరు తెరుచుకుని, కండ పీలికలుగా రాలుతూ, తొట్టి దగ్గర కుళ్ళు వాసన వస్తే మాత్రం రేపు చూద్దాం అనుకోవద్దు. వెంటనే తీసేయాలి, కొత్త కార్బన్ వేయాలి, మూడో వంతు నీళ్ళు మార్చాలి. అర్ధరాత్రి ఆ పని పడితే అప్పుడు ఆర్ఓ పెట్టుకుని కూర్చోలేరు కాబట్టి, అనిమోన్ ఉన్నన్నాళ్ళూ ఉప్పు కలిపిన నీళ్ళు ఇరవై లీటర్లు మూత పెట్టి పక్కన ఉంచుకోండి.